ఆల్ఫా శాఖ: హోవార్డ్ విద్యార్థినుల సంఘం, దాని సేవా చరిత్ర

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో 1908 జనవరి 15న తొమ్మిది మంది విద్యార్థినులు కలిసి పెట్టుకున్న సంఘం ఆల్ఫా కప్పా ఆల్ఫా. నల్లజాతి కళాశాల విద్యార్థినులు తమకోసం తామే నెలకొల్పుకున్న మొట్టమొదటి గ్రీకు అక్షరాల సొరోరిటీ ఇదే. తర్వాతి కాలంలో ఈ సంఘం వెయ్యికి పైగా శాఖలతో, మూడు లక్షలకు పైగా సభ్యులతో దేశదేశాలకు విస్తరించింది. పుట్టింటి శాఖకు మాత్రం ఆల్ఫా అన్న పేరే నిలిచింది. హోవార్డ్ ప్రాంగణంలో నేటికీ పనిచేస్తున్న ఆ శాఖ చరిత్రను, దాని నుంచి బయలుదేరి అమెరికా దక్షిణ గ్రామసీమల దాకా వెళ్ళిన సేవను ఈ వ్యాసం వివరిస్తుంది.

సొరోరిటీ అంటే

అమెరికా కళాశాలల్లో విద్యార్థినులు సభ్యత్వ దీక్ష తీసుకుని చేరే సంఘాన్ని సొరోరిటీ అంటారు. మగపిల్లల సంఘం ఫ్రెటర్నిటీ. రెండు మూడు గ్రీకు అక్షరాల పేరు, సంఘానికంటూ రెండు రంగులు, ఒక చిహ్నం, బయటివారికి చెప్పని ఒక ఆచారం, తోటి సభ్యురాలిని తోబుట్టువుగా భావించే కట్టుబాటు వీటన్నిటికీ ఉంటాయి. జార్జియా రాష్ట్రంలోని మేకన్‌లో, వెస్లియన్ కళాశాలలో 1851లో వెలసిన అడెల్ఫియన్ సంఘాన్ని ఈ సంప్రదాయానికి మూలంగా చెబుతారు. 1870 తర్వాత ఇటువంటి సంఘాలు వేగంగా పెరిగాయి. అయితే వాటిలో చాలా వాటి తలుపులు శ్వేతజాతి అమ్మాయిలకే తెరుచుకునేవి. నల్లజాతి విద్యార్థులు తమ సంఘాలను తామే కట్టుకోవలసి వచ్చింది. 1906లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా ఫై ఆల్ఫా అనే ఫ్రెటర్నిటీ మొదలై, మరుసటి ఏడాది డిసెంబరు నాటికి హోవార్డ్‌లో తన శాఖను తెరిచింది. అది మగపిల్లలకు దొరికిన ఆసరా. ఆడపిల్లలకు అప్పటికి అదీ లేదు.

నల్లజాతి సొరోరిటీలను మిగతావాటి నుంచి వేరుచేసే లక్షణం ఒకటుంది. వీటి సభ్యత్వం పట్టాతో ముగియదు. చదువు పూర్తయ్యాక సభ్యురాలు తానున్న ఊళ్ళోని పట్టభద్రుల శాఖలో చేరి, ఏటా చందా కడుతూ, ముసలితనం దాకా సేవా కార్యక్రమాల్లో పాలుపంచుకుంటుంది. ఆల్ఫా శాఖ సేవను అంచనా వేసేవారు హోవార్డ్ ప్రాంగణంలో జరిగిన కార్యక్రమాలను మాత్రమే చూసి ఊరుకుంటే సగానికి సగం వదిలేసినట్టే. ఆ అమ్మాయిలు చేసిన అసలు పని నాలుగేళ్ళ చదువు తర్వాత, నలభై ఏళ్ళ ఉద్యోగ జీవితంలో బయటపడింది.

మైనర్ హాల్‌లో మొదలు

హోవార్డ్ విశ్వవిద్యాలయం అంతర్యుద్ధం ముగిసిన రెండేళ్ళకు, 1867లో స్థాపితమైంది. యూనియన్ సైన్యంలో జనరల్‌గా పనిచేసి, విముక్తులైన బానిసల సంక్షేమ శాఖకు అధిపతిగా ఉన్న ఆలివర్ ఓటిస్ హోవార్డ్ పేరు దానికి పెట్టారు. ఆడపిల్లల వసతి భవనానికి మైనర్ హాల్ అని పేరు. 1850ల నాటి వాషింగ్టన్‌లోనే నల్లజాతి బాలికలకు బడి నడిపిన మర్టిల్లా మైనర్ అనే ఉపాధ్యాయిని జ్ఞాపకంగా ఆ పేరు వచ్చింది. 1908 నాటికి అక్కడ చదువుతున్న అమ్మాయిలలో చాలామందికి బానిసత్వం ఒక్క తరం వెనకటి సంగతి. అమ్మానాన్నలో, అవ్వాతాతలో బానిసలుగా పుట్టినవారు. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చి లాటిన్, గ్రీకు, గణితం చదవడమే ఒక సాహసంగా ఉండేది.

సంఘం ఆలోచన ఎథెల్ హెడ్జ్‌మన్‌ది. సెయింట్ లూయిస్ నగరంలోని సమ్నర్ ఉన్నత పాఠశాలలో చదివి, ఉపకార వేతనంతో హోవార్డ్‌కు వచ్చిన అమ్మాయి ఆమె. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో చదువుకుని హోవార్డ్‌లో పాఠాలు చెబుతున్న ఎథెల్ రాబిన్సన్ అక్కడి మహిళా సంఘాల గురించి చెప్పిన కబుర్లు ఆమెను కదిలించాయి. స్నేహితులను కూడగట్టింది. ఆమెతో కలిసి తొమ్మిది మంది: ఆనా ఈస్టర్ బ్రౌన్, అక్కచెల్లెళ్ళయిన బ్యూలా, లిల్లీ బర్క్, మార్జరీ హిల్, మార్గరెట్ ఫ్లాగ్, లవీనియా నార్మన్, లూసీ డిగ్స్ స్లో, మేరీ వుల్ఫోక్. జనవరి 15న మైనర్ హాల్‌లోనే సంఘం ఏర్పడింది. లేత గులాబీ, యాపిల్ ఆకుపచ్చ సంఘానికి రంగులయ్యాయి. ఐవీ తీగ ఆకు చిహ్నమైంది. సంస్కారంతోనూ ప్రతిభతోనూ ముందుకు సాగాలన్నది నినాదం. కొద్ది రోజులకే ఆసక్తి చూపిన ఏడుగురు రెండో సంవత్సరం విద్యార్థినులను దీక్షా కార్యక్రమం లేకుండానే చేర్చుకున్నారు. దాంతో మొదటి వరుస పదహారుకు చేరింది. కొత్తవారికి లాంఛనంగా దీక్ష ఇవ్వడం 1909లో మొదలైంది.

తొలి అధ్యక్షురాలిగా లూసీ స్లోను ఎన్నుకున్నారు. వర్జీనియాలోని బెరీవిల్‌లో 1885లో పుట్టి, పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, మేనత్త చేతుల మీదుగా పెరిగిన లూసీ జీవితం సంఘ సభ్యులందరికీ ఒక నమూనా అయింది. టెన్నిస్‌లో 1917లో జాతీయ విజేతగా నిలిచి, అమెరికాలో ప్రధానమైన క్రీడా పోటీలో గెలిచిన తొలి నల్లజాతి మహిళ అయింది. వాషింగ్టన్‌లో ఒక జూనియర్ ఉన్నత పాఠశాలకు 1919లో ప్రధానోపాధ్యాయినిగా పనిచేసి, 1922లో తాను చదివిన హోవార్డ్‌కే విద్యార్థినుల డీన్‌గా తిరిగి వచ్చింది. ఆ పదవిలో నల్లజాతి మహిళ కూర్చోవడం అక్కడ అదే మొదటిసారి.

ఆమె డీన్‌గా చేసిన పనిని సేవ అనకుండా ఇంకేమీ అనలేం. విద్యార్థినుల డీన్ అంటే రాత్రి తాళాలు వేసే వసతిగృహ పెద్ద అని అప్పట్లో అనుకునేవారు. కాదు, ఆడపిల్లల చదువుకూ బతుకుకూ దిశ చూపే నిపుణురాలి పదవి ఇది అని స్లో వాదించింది. కొత్త వసతి భవనాలు కావాలని పట్టుబట్టి, 1931లో వాటిని కట్టించగలిగింది. ఆ పట్టుదల వల్ల విశ్వవిద్యాలయ అధ్యక్షుడు మోర్డికాయ్ జాన్సన్‌తో ఏళ్ళతరబడి ఘర్షణ పడింది. జీతం విషయంలోనూ, ప్రాంగణంలోనే నివాసం ఉండాలన్న ఒత్తిడి విషయంలోనూ ఆమె లొంగలేదు. పదవిలో ఉండగానే 1937లో కన్నుమూసింది. ఆల్ఫా శాఖ తొలి అధ్యక్షురాలు తన సంఘానికి ఇచ్చిన వారసత్వం ఈ మొండితనమే అని ఈ వ్యాసకర్త భావన.

1912-13: చీలిక

నాలుగేళ్ళు తిరిగేసరికి మొదటి వరుసలోని వారంతా పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చిన అమ్మాయిలకు సంఘం మరీ మందకొడిగా నడుస్తోందనిపించింది. ప్రాంగణానికే పరిమితమై సాహిత్య గోష్ఠులు, సంగీత కార్యక్రమాలు జరుపుకుంటూ కూర్చుంటే చాలదనీ, దేశవ్యాప్తంగా విస్తరించి ప్రజా సమస్యలపై గొంతెత్తాలనీ అనుకున్నారు. సంఘం పేరు, రంగులు, చిహ్నం అన్నీ మార్చేద్దామని 1912 చివరలో ప్రతిపాదించారు. అప్పటికి చదువుతున్న సభ్యులు 22 మంది. వాళ్ళంతా ఒక్క మాట మీద ఉన్నారు.

ఈ వార్త 1912లో పట్టభద్రురాలైన నెల్లీ క్వాండర్ చెవిన పడింది. జార్జి వాషింగ్టన్ మౌంట్ వెర్నన్ ఎస్టేట్‌లో బానిసత్వం అనుభవించిన క్వాండర్ కుటుంబపు ఆడపడుచు ఆమె. చదువుకున్న రోజుల్లో సంఘానికి అధ్యక్షురాలిగా కూడా పనిచేసింది. ముందువారు దీక్ష పుచ్చుకుని కట్టిన సంఘాన్ని ఇప్పుడున్నవారు మార్చేసే హక్కు ఎక్కడిది అని ఆమె నిలదీసింది. పాత సభ్యులను కూడగట్టి, సంఘాన్ని చట్టబద్ధంగా నమోదు చేయించే పని మొదలుపెట్టింది. చర్చలు ఫలించలేదు. 1913 జనవరి 13న ఆ 22 మందీ డెల్టా సిగ్మా తీటా అనే కొత్త సొరోరిటీని స్థాపించారు. పదహారు రోజులకు, జనవరి 29న ఆల్ఫా కప్పా ఆల్ఫా వాషింగ్టన్‌లో నమోదై శాశ్వత సంస్థగా మారింది. నెల్లీ క్వాండర్ దానికి తొలి జాతీయ అధ్యక్షురాలు. గణిత ఉపాధ్యాయిని నార్మా బాయిడ్ నమోదుకు పూనుకున్నవారిలో మరొకరు.

ఈ చీలికలో తప్పెవరిదని తేల్చే ప్రయత్నాలు రెండు వైపులా ఇప్పటికీ జరుగుతూనే ఉంటాయి. నిజానికి ఇద్దరి వాదనలోనూ బలం ఉంది. 22 మంది అమ్మాయిలు అడిగింది విస్తరణ, ప్రజాజీవితం. నెల్లీ క్వాండర్ అడిగింది శాశ్వతత్వం. చీలిక తర్వాత ఏడాదిలోపే చికాగో విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా రెండో శాఖ తెరిచింది, 1914లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మూడోది. చీలిపోయినవారు కోరిన విస్తరణనే ఉండిపోయినవారు కూడా చేపట్టారన్నమాట.

ప్రజాజీవితం విషయంలోనూ అదే జరిగింది. 1913 మార్చి 3న, కొత్త దేశాధ్యక్షుడు ఉడ్రో విల్సన్ పదవీ ప్రమాణానికి ముందు రోజు, మహిళలకు ఓటు హక్కు కోరుతూ వాషింగ్టన్‌లో పెద్ద ఊరేగింపు జరిగింది. దక్షిణాది శ్వేత మహిళలు నొచ్చుకుంటారన్న భయంతో, నల్లజాతి మహిళలను వెనక్కి నెట్టే ఆలోచనలు నిర్వాహకులలో ఉండేవి. ఫిబ్రవరిలోనే నెల్లీ క్వాండర్ ఊరేగింపు నిర్వాహకురాలు ఆలిస్ పాల్‌కు ఉత్తరం రాసింది. హోవార్డ్ కళాశాల మహిళలు నడవదలచుకున్నారనీ, జాతి కారణంగా వివక్ష ఎదురయ్యే పక్షంలో మాత్రం పాల్గొనబోమనీ ఆ ఉత్తరం సారాంశం. అంతకంటే మర్యాదగా, అంతకంటే గట్టిగా ఆ మాట చెప్పడం కష్టం. డెల్టా సిగ్మా తీటా స్థాపకులు మహిళా హక్కుల ఉద్యమ నాయకురాలు మేరీ చర్చ్ టెరెల్‌ను తోడు తీసుకుని తమ పతాకంతో నడిచారు. పుట్టి రెండు నెలలు నిండని సంఘానికి అదే తొలి బహిరంగ కార్యక్రమం. నల్లజాతి మహిళలు ఆ ఊరేగింపులో అడుగుపెట్టడం వెనుక, మొన్నటిదాకా ఒకే గదిలో కూర్చుని ఇప్పుడు రెండుగా చీలిన హోవార్డ్ అమ్మాయిల పాత్ర ఉండటం విశేషం.

శాఖలు నడిచే తీరు

శాఖల పేర్లు గ్రీకు అక్షరక్రమంలో వస్తాయి: ఆల్ఫా, బీటా, గామా అలా. అక్షరాలు అయిపోయాక రెండేసి కలుపుతారు. పట్టభద్రుల శాఖల పేర్ల చివర ఒమేగా ఉంటుంది. మొదటి పట్టభద్రుల శాఖ ఓహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో తెరిచారు, దాని పేరు ఆల్ఫా ఒమేగా. శాఖలన్నీ కలుసుకునే మహాసభను బూలే అంటారు. తొలి బూలే 1918లో హోవార్డ్‌లోనే జరిగింది. జాతీయ అధ్యక్షురాలిని సుప్రీం బాసిలియస్ అనేవారు. ఐవీ లీఫ్ అనే పత్రిక 1921లో మొదలై నేటికీ వస్తోంది.

ఒక ఏడాది కలిసి దీక్ష పుచ్చుకున్న బృందాన్ని లైన్ అంటారు. ఆ బృందంలోని అమ్మాయిలు ఒకరికొకరు లైన్ సిస్టర్లు. సభ్యులు ఒకరినొకరు సోరోర్ అని పిలుచుకుంటారు. హోవార్డ్ ప్రాంగణం నడిబొడ్డున ఉన్న పచ్చిక మైదానాన్ని యార్డ్ అంటారు. అక్కడ ఒక్కో సంఘానికీ ఒక చెట్టు, కూర్చునే చోటు ఉంటాయి. జనవరి 15న స్థాపనా దినం జరుపుకుంటారు. హోవార్డ్‌లోనే 1920లో జీటా ఫై బీటా అనే మరో సొరోరిటీ పుట్టింది. 1930 మే 10న నల్లజాతి సంఘాల ఉమ్మడి మండలి కూడా ఇక్కడే ఏర్పడింది. ఇండియానాపోలిస్‌లో పుట్టిన సిగ్మా గామా రోతో కలిపి నల్లజాతి సొరోరిటీలు నాలుగు. ఐదు ఫ్రెటర్నిటీలతో కలిపి ఈ తొమ్మిదింటినీ డివైన్ నైన్ అంటారు.

మిసిసిపీ ఆరోగ్య పథకం

హోవార్డ్ గదిలో పుట్టిన సంఘం చేసిన సేవలో ఒక్కదాన్నే ఎంచుకోమంటే మిసిసిపీ ఆరోగ్య పథకాన్నే ఎంచుకోవాలి. దీనికి పునాది వేసింది ఐడా లూయిస్ జాక్సన్. స్వయంగా మిసిసిపీలో పుట్టి, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పిన తొలి నల్లజాతి ఉపాధ్యాయిని ఆమె. సంఘానికి జాతీయ అధ్యక్షురాలయ్యాక 1934 వేసవిలో మిసిసిపీ రాష్ట్రం హోమ్స్ కౌంటీలో పల్లె ఉపాధ్యాయులకు శిక్షణ బడి పెట్టింది. లెక్సింగ్టన్ ఊళ్ళో అరీనియా మాలరీ నడుపుతున్న సెయింట్స్ పాఠశాల దానికి నెలవయింది. అక్కడికి వెళ్ళాక జాక్సన్‌కు అర్థమైంది, ఆకలితో రోగాలతో ఉన్న పిల్లలకు చదువు ఒక్కటీ చాలదని. టీకా అన్న మాటే ఎరుగని పిల్లలు, మలేరియాతో కృశించినవారు, పోషకాహారం లేక పెళుసుబారిన ఎముకలు, పుచ్చిన పళ్ళు. ఆహారమంటే పంది కొవ్వు, మొక్కజొన్న రొట్టె, బెల్లపు పాకం. సాగు చేసేవారు పత్తి కౌలుదారులు, భూమీ కొట్టూ దొరవే, అప్పు తీరేది లేదు. సమీపంలో వైద్యుడు ఉన్నా రంగు చూసి తలుపు మూసేవాడు.

మరుసటి ఏడాది, 1935లో, వైద్య పథకం మొదలైంది. దానికి సారథ్యం వహించిన డొరొతీ బౌల్డింగ్ ఫెరెబీ వాషింగ్టన్‌లో పేరున్న డాక్టరు. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివింది. వాషింగ్టన్‌లో 1929లో నల్లజాతి పిల్లల కోసం సౌత్ ఈస్ట్ సెటిల్‌మెంట్ హౌస్ అనే సంక్షేమ గృహాన్ని స్థాపించింది. నర్సులు, ఉపాధ్యాయినులు, సమాజ సేవకులతో కూడిన బృందం ఆమె వెంట నడిచింది. అంతా సొంత సెలవుల్లో వచ్చినవాళ్ళు. వాషింగ్టన్ నుంచి మిసిసిపీ దాకా తమ కార్లలోనే వెళ్ళారు. రైళ్ళలో నల్లవారికి వేరు పెట్టెలు, దారిలో హోటలు గది దొరకని రోజులవి. దారిపొడవునా తినేందుకు మూటగట్టుకోవాలి, రాత్రి ఎవరి ఇంటి తలుపు తట్టాలో ముందే తెలుసుకుని బయలుదేరాలి.

వాళ్ళు అనుకున్నది ఐదు చోట్ల వైద్య శిబిరాలు పెట్టి, జనాన్ని అక్కడికి రప్పించడం. తోటల దొరలు అడ్డం పడ్డారు. కౌలుదారుల సంఘాలు అర్కన్సాస్ ప్రాంతంలో తలెత్తుతున్న కాలమది. వాషింగ్టన్ నుంచి వచ్చిన చదువుకున్న నల్ల ఆడవాళ్ళు కూలీలను రెచ్చగొడతారని భయపడి, తమ కౌలుదారులను శిబిరాలకు పంపబోమన్నారు. అప్పుడు ఫెరెబీ బృందం దారి మార్చింది. జనం రాకపోతే శిబిరమే జనం దగ్గరికి వెళ్తుందని కార్లలోనే మందులు, టీకాలు, తూనికలు ఎక్కించుకుని తోటల నుంచి తోటలకు బయలుదేరింది. పొద్దుటే ఒక చోట, సాయంత్రం మరో చోట. చర్చిలో, బడిలో, ఇవేవీ లేకపోతే చెట్టు కింద. కొన్ని చోట్ల దొర మనుషులు తుపాకులతో గుర్రాల మీద పక్కనే నిలబడి, ఈ ఆడవాళ్ళు ఏం మాట్లాడుతున్నారో వింటూ ఉండేవారు. బృందం మాట్లాడింది సబ్బు, కూరగాయలు, దోమల గురించి.

అమెరికాలో సంచార వైద్యశాలల తొలి ప్రయోగాలలో ఇది ఒకటి. ఏటా వేసవిలో కొన్ని వారాలపాటు ఈ పథకం సాగింది. తర్వాతి ఏళ్ళలో బొలివార్ కౌంటీకి మారి, మాజీ బానిసలు 1887లో స్థాపించుకున్న మౌండ్ బేయూ ఊరి చుట్టుపక్కల కూడా పనిచేసింది. ఏడేళ్ళ కాలంలో సుమారు 15 వేల మంది పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు. వేలాది మందికి పళ్ళు, కళ్ళు, మలేరియా, సుఖవ్యాధుల పరీక్షలు, చికిత్సలు జరిగాయి. ఖర్చంతా సంఘ శాఖలు సభ్యుల చందాలతో భరించాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకూ టైర్లకూ కోటాలు పెట్టడంతో 1942 నాటికి కార్ల ప్రయాణాలు ఆగి, పథకం ముగిసింది. ఫెరెబీ 1939-41 మధ్య సంఘ అధ్యక్షురాలిగానూ, 1949లో మేరీ మెక్‌లియాడ్ బెత్యూన్ తర్వాత నల్లజాతి మహిళల జాతీయ మండలి అధ్యక్షురాలిగానూ పనిచేసింది. హోవార్డ్ విద్యార్థుల ఆరోగ్య విభాగాన్ని దాదాపు రెండు దశాబ్దాలపాటు నడిపింది.

ఈ పథకం మిసిసిపీ పేదరికాన్ని తీర్చలేదు. తీర్చగలదని కూడా వారు అనుకోలేదు. ఉపాధ్యాయినుల జీతాల నుంచి పోగైన డబ్బుతో, ప్రభుత్వం కన్నెత్తి చూడని ఊళ్ళకు చేరి, ఒక్కో పిల్ల చేతి మీద ఒక్కో టీకా వేశారు. ఒక కౌంటీ ఆరోగ్య శాఖ చేయవలసిన పనిని కొందరు ఉద్యోగినులు వేసవి సెలవుల్లో చేశారంటే, ఆ సంఘం కట్టుబాటు ఎంత గట్టిదో తెలుస్తుంది.

రాజధానిలో వకాల్తా

మిసిసిపీ అనుభవం సంఘానికి మరో పాఠం నేర్పింది. రోగం వెనుక చట్టం ఉంది, చట్టం వాషింగ్టన్‌లో ఉంది. సంఘాన్ని నమోదు చేయించినవారిలో ఒకరైన నార్మా బాయిడ్ 1938లో ఆర్థిక, ప్రజాస్వామిక హక్కుల కోసం పక్షరహిత వకాల్తా సంస్థను నెలకొల్పింది. అమెరికా కాంగ్రెస్‌లో నల్లజాతి పౌరుల సమస్యలను చట్టసభ్యుల ముందు పెట్టే పూర్తికాల ప్రతినిధులు దానికి ఉండేవారు. ఒక సొరోరిటీ ఇలా చేయడం ఊహకు అందని విషయం. మూక హత్యలకు వ్యతిరేకంగా చట్టం, కనీస వేతనం, ప్రభుత్వ ఉద్యోగాల్లో వివక్ష, ఇళ్ళు, బడుల నిధులు దాని అంశాలు. 1948లో నల్లజాతి గ్రీకు సంఘాలు కొన్ని కలిసి మానవ హక్కుల అమెరికా మండలిగా ఏర్పడటంతో ఈ సంస్థ పని అందులో కలిసింది. బాయిడ్ వాషింగ్టన్ బడుల్లో దశాబ్దాలపాటు గణితం బోధించింది, తొంభై ఆరేళ్ళు బతికింది. పగలు పిల్లలకు కూడికలు నేర్పుతూ, సాయంత్రాలు చట్టసభ్యులకు లెక్కలు చెప్పిన ఆ ఉపాధ్యాయిని పేరు బయట పెద్దగా వినపడదు.

1965లో సంఘం క్లీవ్‌లాండ్‌లో ఫెడరల్ ప్రభుత్వపు జాబ్ కోర్ కేంద్రాన్ని నడపడానికి ఒప్పందం కుదుర్చుకుంది. 16 నుంచి 21 ఏళ్ళ మధ్య, బడి మానేసిన ఆడపిల్లలకు వృత్తి శిక్షణ ఇవ్వడం ఉద్దేశం. అలాంటి కేంద్రాన్ని నడిపే బాధ్యత ఒక నల్లజాతి మహిళా సంఘానికి దక్కడం కొత్త. కేంద్రం మూడు దశాబ్దాలపాటు నడిచింది. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టిన ఇంటిని కాపాడేందుకు విరాళమివ్వడం, సికిల్ సెల్ రక్తహీనతపై ప్రచారం, నల్లజాతి కళాశాలలకు నిధులు కూడబెట్టడం, ఉపకార వేతనాల కోసం 1980లో నిధి సంస్థ పెట్టడం కూడా ఈ కాలపు పనులే.

విమర్శ

ఈ సంఘాలపై విమర్శ బయటినుంచే కాదు, హోవార్డ్ నుంచే వచ్చింది. అక్కడే సామాజిక శాస్త్రం బోధించిన ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1950లలో రాసిన పుస్తకంలో నల్లజాతి మధ్యతరగతిని ఎండగట్టాడు. గ్రీకు సంఘాలు విందుల మీద, ఆడంబరాల మీద శ్రద్ధ పెట్టి, తమ ప్రజల నుంచి దూరమవుతున్నాయని ఆయన వాదన. సంఘం చేసిన పనుల పక్కన పెట్టి చూస్తే ఆ మాటలో అన్యాయం ఉంది. కానీ సభ్యురాలిని ఎన్నుకునే పద్ధతిలో, చేరేందుకు అయ్యే ఖర్చులో, పైతరగతి హుందాతనం వెతికే అలవాటులో ఆ మాటకు ఆధారాలూ ఉన్నాయి.

కొత్తవారిని ఏడిపించే ఆచారం మరో మచ్చ. దీక్షకు ముందు నెలలతరబడి సాగే ప్లెడ్జింగ్ కాలంలో అవమానాలు, శారీరక హింస ప్రమాదంగా మారిన సందర్భాలున్నాయి. 1990లో నల్లజాతి సంఘాల ఉమ్మడి మండలి ప్లెడ్జింగ్‌ను రద్దు చేసి, దరఖాస్తు పద్ధతిలో చిన్న వ్యవధి సభ్యత్వ విధానాన్ని తెచ్చింది. రహస్యంగా పాత పద్ధతి కొనసాగిన చోట్ల శాఖలను సస్పెండ్ చేశారు. 2013లో ఆల్ఫా శాఖలో చేరే అవకాశం దక్కని విద్యార్థినులు కోర్టుకెక్కారు. చోటు కొద్ది, కోరేవారు ఎక్కువ, అక్కడే ఒత్తిడంతా. సేవ చేయగల పిల్లలందరికీ తలుపు తెరవలేని సంఘం తన ఎంపిక పద్ధతిని ఎప్పటికప్పుడు నిజాయితీగా సరిచూసుకోవాలి. అది జరగని చోట చందా కట్టేవారికే చోటు దొరుకుతుంది.

కమలా హ్యారిస్, ఆ తర్వాత

ఆల్ఫా శాఖ పేరు తెలుగు పాఠకుల చెవిన పడింది కమలా హ్యారిస్ ద్వారానే. తమిళ మూలాలున్న తల్లి శ్యామలా గోపాలన్ కూతురైన ఆమె హోవార్డ్‌లో రాజనీతి, ఆర్థిక శాస్త్రాలు చదివి 1986లో పట్టా పుచ్చుకుంది. అదే ఏడాది ఆల్ఫా శాఖలో దీక్ష తీసుకుంది. 2020 ఆగస్టులో ఆమెను ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థిగా ప్రకటించగానే, దేశమంతటా సంఘ సభ్యులు ప్రచార నిధికి 19.08 డాలర్ల చొప్పున విరాళాలు పంపారు. ఆ అంకెలో స్థాపన సంవత్సరం ఉంది. 2021 జనవరి 20న ఆమె ఉపాధ్యక్షురాలిగా ప్రమాణం చేసింది. నటి ఫిలీషియా రషాద్ కూడా ఇదే శాఖ సభ్యురాలు.

ప్రముఖుల పేర్లతో ఈ శాఖను గుర్తుపెట్టుకోవడం తేలిక. అయితే ఎక్కువమంది సభ్యులు పంతులమ్మలు, నర్సులు, లైబ్రేరియన్లు, ప్రభుత్వ ఉద్యోగినులు. స్థాపకులలో కూడా ఎక్కువమంది ఉపాధ్యాయ వృత్తిలోనే జీవించారు. హోవార్డ్ ప్రాంగణంలోని రాంకిన్ చాపెల్‌లో 1970ల చివర ఆల్ఫా కప్పా ఆల్ఫా స్థాపకుల స్మారకంగా రంగుల గాజు కిటికీ పెట్టారు. దాన్ని రూపొందించింది చిత్రకారిణి లోయిస్ మైలూ జోన్స్. హోవార్డ్‌లో నలభై ఏడేళ్ళు చిత్రకళ బోధించిన ఆమె కూడా ఈ సంఘ సభ్యురాలే.

ఈ సంప్రదాయం నల్లజాతి విద్యార్థినుల దగ్గరే ఆగలేదు. 1990ల చివర, దక్షిణాసియా నుంచి వలసవచ్చిన కుటుంబాల ఆడపిల్లలు తమకూ ఇలాంటి సంఘాలు కావాలనుకున్నారు. టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ ప్రాంగణంలో కప్పా ఫై గామా, హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్ సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలో సిగ్మా సిగ్మా రో, మూడూ 1998లోనే పుట్టాయి. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన నగరాలవి. వీటికి హోవార్డ్ శాఖతో నేరుగా సంబంధం లేదు. అయినా చదువుకోవడానికి వచ్చిన చోట తమవాళ్ళను తామే వెతుక్కుని, చదువుతో పాటు సేవను కట్టుబాటుగా పెట్టుకోవడమన్న పద్ధతిలో, తొమ్మిది మంది అమ్మాయిలు మైనర్ హాల్‌లో వేసిన దారి కనిపిస్తుంది.

జాతీయ స్థాయిలో సంఘం ప్రతి నాలుగేళ్ళకూ కొత్త సేవా లక్ష్యాలను ప్రకటిస్తుంది. 2014-18 మధ్య పది లక్షల మంది పిల్లలకు బడి సంచులు పంచడం ఒక లక్ష్యం, ఆ తర్వాతి కాలంలో ఆకలితో ఉన్న పిల్లలకు వారాంతపు ఆహారపు పొట్లాలు మరొకటి. 2019 సెప్టెంబరులో చారిత్రక నల్లజాతి కళాశాలల కోసం ఒక్క రోజులో 10 లక్షల డాలర్లు సేకరించాలని తలపెట్టి, దాన్ని సాధించి, తర్వాతి ఏళ్ళలోనూ కొనసాగించారు. ఈ లక్ష్యాలకు కాళ్ళూ చేతులూ శాఖలే. పట్టభద్రుల శాఖలు డబ్బూ అనుభవమూ పెడితే, ఆల్ఫా లాంటి విద్యార్థి శాఖలు మనుషుల్నీ సమయాన్నీ పెడతాయి: ఎన్నికల ముందు ఓటరు నమోదు, చుట్టుపక్కల బడిపిల్లలకు పాఠాలు, చలికాలంలో దుప్పట్లు, రక్తదాన శిబిరాలు.